హెల్మెట్ గారూ, అగ్నిపర్వతమూ

ఆ రోజుల్లో పెళ్ళిచూపులంటే ఫోనే. ఆ రోజుల్లో అన్నానని మరీ పూర్వకాలం అనుకోకండి, నా జుట్టు ఇంకా నల్లగానే ఉంది (సగం దేవుడి దయ, సగం రంగు దయ). అమెరికాలో ఉద్యోగాలు చేసుకుంటున్న ఆడపిల్లకీ మగపిల్లాడికీ సంబంధం చూడాలంటే, పెద్దవాళ్ళు ముందు జాతకాలు చూసుకుని, ఆ తర్వాత ఎంతో విశాల హృదయంతో "ఇక మీరూ మీరూ మాట్లాడుకోండి" అని నంబర్లిచ్చి పక్కకి తప్పుకునేవారు. తప్పుకోవడమంటే తలుపు వెనక నిలబడడమే. మర్నాడు పొద్దున్నే "ఏం మాట్లాడుకున్నారు?" అని ఆరా తీసేవారు. ఏం మాట్లాడుకుంటాం చెప్పండి. ముక్కూ మొహం తెలియని మనిషితో మొదటిరోజు ఉద్యోగం, రెండోరోజు వీసా, మూడోరోజు వంటొచ్చా రాదా అన్న సంగతీ అయిపోయాక, నాలుగోరోజు "తిన్నారా?" అంటే "తిన్నానండీ, మీరు?" అన్నంతవరకూ వచ్చి బండి ఆగిపోయేది. నా స్నేహితురాళ్ళ సంబంధాలు చాలా మటుకు ఆ "తిన్నారా" దగ్గరే ప్రాణం విడిచాయి. అబ్బాయి మంచివాడే, ఉద్యోగం మంచిదే, కానీ ఏమీ మాట్లాడడమ్మా అని అమ్మాయి అనేది. అమ్మాయి మంచిదే కానీ ముభావంగా ఉంటుంది అని అబ్బాయి అనేవాడు. ఇద్దరూ కలిసి అన్నం తినడం తప్ప లోకంలో ఇంకేం చేస్తారో ఒకరికొకరు చెప్పుకోకుండానే విడిపోయేవారు.

నేనప్పుడు అమెరికాలోనే, ట్రాయ్ అనే ఊళ్ళో ఉండేదాన్ని. కారు సీట్లు ముందుకీ వెనక్కీ జరుగుతాయి చూడండి, ఆ జరిగే పట్టాలని పరీక్ష చేసే ఉద్యోగం. ఒక యంత్రం పొద్దస్తమానం సీటుని ముందుకీ వెనక్కీ తోస్తూ ఉంటుంది, అదెప్పుడు విరుగుతుందా అని నేను చూస్తూ కూర్చోవాలి. భూదేవికున్నంత ఓర్పు కావలసిన ఆ ఉద్యోగాన్ని దేవుడు నాకిచ్చాడు. మా ఇంటా వంటా లేని గుణం అది. మా ఇంట్లో ప్రయాణమంటే, అందరం ఆటో ఎక్కాక మా నాన్న "ఇంతకీ ఎక్కడికే?" అని అడిగేవారు. నాతో పాటు అపార్ట్‌మెంట్‌లో ఒక వరంగల్ పిల్ల ఉండేది. ఎవరు ఏం అడిగినా అడగకపోయినా తీర్పు చెప్పేసేది కాబట్టి దాన్ని మేమందరం సర్పంచ్ అనేవాళ్ళం. నా ఫోనుని బల్ల మీద పెట్టి స్పీకర్ ఆన్ చేసి, చెరో కంచంలో అన్నం పెట్టుకుని, వచ్చిన సంబంధాలని ఇద్దరం కలిసి వినేవాళ్ళం (ఈ సంగతి ఆయా అబ్బాయిలకి తెలియదు, ఇప్పుడు తెలిసినా చేసేదేం లేదు).

ఆ చలికాలంలో వచ్చిన సంబంధం కాలిఫోర్నియాలో, శాంటా క్లారాలో ఉండే అబ్బాయిది. వేరేవాళ్ళు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే ఉద్యోగం. మా అమ్మకి ఆ కుటుంబం నచ్చింది, వాళ్ళ పిన్ని అక్కడే దగ్గర్లో ఉండడం ఇంకా నచ్చింది. "ఉగాదికల్లా అవునో కాదో చెప్పెయ్యి. పండగపూట వాళ్ళకి కబురు చేస్తానని మాటిచ్చాను" అంది. ఇంతకుముందు రెండు సంబంధాలకి నేను జవాబు చెప్పకుండా నాన్చి నాన్చి చంపేశానని అమ్మ బాధ. ఉగాదికి రెండు నెలలు పైనే ఉంది. ఉద్యోగం, వీసా, వంట మూడు రోజుల్లో యథావిధిగా ముగిశాయి. మూడోరోజు చివర్లో ఇక పెట్టేద్దామనుకుంటూ, ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాను, "నాకు ఎప్పటినుంచో ఒక కోరికండీ. హవాయి వెళ్ళి, రాత్రిపూట అగ్నిపర్వతం ఎక్కి, ఆ నిప్పుని కళ్ళారా చూడాలని" అని. అవతల చప్పుడు లేదు. ఫోను కట్టయిందేమో అనుకున్నాను. సర్పంచ్ కూడా ముద్ద నోటి దగ్గరే ఆపి చూస్తోంది. కాసేపటికి గొంతు సవరించుకున్న చప్పుడు వినిపించింది. "నాకూ చూడాలనే ఉందండీ. కానీ రాత్రిపూట అగ్నిపర్వతం అంటే మాటలు కాదు కదా. బాగా ప్లాన్ చేయాలి. రేపు ఈ టైమ్‌కి కాల్ చేయనా?" అన్నారు.

మర్నాడు సరిగ్గా చెప్పిన వేళకే చేశారు. ఆ రోజంతా చదివి వచ్చినట్టున్నారు. లావా గట్టిపడ్డాక గాజుపెంకులా కోసేస్తుందట, కాబట్టి చేతులకి తోలు గ్లవ్స్ కావాలన్నారు. ఆ పై మర్నాడు గ్లవ్స్ ఏ రకం అన్నది మాట్లాడుకున్నాం. ఆ తర్వాత బూట్లు. బూట్లకి ఒక వారం పట్టింది. కొండమీద విషవాయువు వస్తుందట, మాస్కులు. చీకట్లో తలకి కట్టుకునే లైట్లు. లైటు ఆరిపోతే ఇంకో లైటు. ఆ ఇంకోటి ఆరిపోతే ఏం చేయాలన్నది నాకే వదిలేశారు, ఆలోచించి చెప్పమని. హవాయి అంటే అందరూ ఎండ అనుకుంటారు కానీ కొండపైన చలిగా ఉంటుందండీ, వాన కూడా పడుతుందండీ, కాబట్టి చలికోటు పైన వానకోటా, వానకోటు పైన చలికోటా అన్న ప్రశ్న మీద ఒక శనివారం సాయంత్రమంతా గడిచింది. ఆ మధ్యలో ఒకరోజు ఆయన ఎంతో మొహమాటంగా, "మీరేం అనుకోకపోతే, హెల్మెట్ పెట్టుకోవడం గురించి మీ అభిప్రాయం ఏమిటి?" అని అడిగారు. ఆ పూట నుంచి మా ఇంట్లో ఆయన పేరు హెల్మెట్ గారు.

"ఏందే గిదీ? అగ్నిపర్వతం ఎక్కుతున్నవా, బార్డర్‌ల డ్యూటీకి పోతున్నవా?" అంది సర్పంచ్. "గీయన్ని చేసుకుంటే హనీమూన్‌కి గూడ ముందుగాల రిహార్సల్ పెడ్తడు, చూడు." తీర్పు వెలువడిపోయింది. నాకూ లోపల అదే అనుమానం. మనిషి మాట మెత్తన, మర్యాద ఉంది, కానీ ఇంత పిరికిమనిషితో నూరేళ్ళు ఎలా గడపడం? పాలకి వెళ్ళాలన్నా రెండు లైట్లూ ఒక హెల్మెట్టూ కావాలంటే? అలాగని ఫోను ఎత్తడం మానానా అంటే, మానలేదు. పోట్లాడడానికి ఎత్తేదాన్ని. "అసలు అంత ప్రమాదమైతే గవర్నమెంటు జనాన్ని ఎందుకు పోనిస్తుందండీ?" అనేదాన్ని. "అది మంచి ప్రశ్నండీ, రేపు కనుక్కుని చెప్తాను" అనేవారు. ఆయనతో ఇదొక చిక్కు. పోట్లాటకి కూడా వాయిదా వేసి, మర్నాడు దానికి కావలసిన సామాన్లతో వచ్చేవారు. ఎదురు చూడక తప్పేది కాదు. ఆఫీసులో ఆ యంత్రం సీటుని ముందుకీ వెనక్కీ తోస్తుంటే, నేను పక్కన కూర్చుని సాయంత్రం ఏం వాదించాలా అని ఆలోచించుకునేదాన్ని.

ఎక్కడం అభ్యాసం చేయాలని కూడా ఆయనే సెలవిచ్చారు. ట్రాయ్‌లో ఎక్కడానికి ఏముంది? బల్లపరుపు ఊరు. అక్కడ ఎత్తు అన్నది కార్లు పెట్టే అంతస్తుల గ్యారేజీలకే ఉంది. ఆఫీసు అయ్యాక కొత్త బూట్లు వేసుకుని, మంచు కరిగి నీళ్ళు కారుతున్న ఆ గ్యారేజీలో కింద నుంచి పైకీ పై నుంచి కిందకీ నడిచేదాన్ని. మా బాస్ ఒకరోజు కారు ఆపి, కారు ఎక్కడ పెట్టావో మర్చిపోయావా, వెతకడానికి సాయం చేయనా అని అడిగాడు. లేదు, అగ్నిపర్వతానికి సిద్ధమవుతున్నాను అన్నాను. ఆయన అద్దం ఎత్తేసుకుని వెళ్ళిపోయాడు. ఈ సంగతి సాయంత్రం హెల్మెట్ గారికి చెప్తే ఆయన నవ్వారు. అంతకుముందు ఆయన నవ్వడం వినలేదు. అదేదో తుమ్ము ఆపుకున్నట్టు ఉంది.

ఇక ఎప్పుడు వెళ్ళాలన్నది తేలాలి. చీకటి ఎంత చిక్కగా ఉంటే నిప్పు అంత బాగా కనిపిస్తుంది, వెన్నెల లేని రాత్రి అయితే శ్రేష్ఠం అని ఆయన అన్నారు. ఉగాది లోపల వెన్నెల లేని రాత్రి అంటే ఉగాదికి ముందురాత్రే. మా అమ్మకి చెప్పాను. అటువైపు నుంచి ఏదో గిన్నె కిందపడిన చప్పుడు వినిపించింది. "కొత్త అమావాస్య రాత్రి, పెళ్ళికాని పిల్ల, పరాయి పిల్లాడితో, నిప్పులు కక్కే కొండెక్కుతుందా? ఏమే, నీకు మతుండే మాట్లాడుతున్నావా?" అంది. పరాయి పిల్లాడి సంగతికి మందు ఉంది. వాళ్ళ పిన్నిగారు వస్తారు, నాకు తోడుగా సర్పంచ్ వస్తుంది. అమావాస్యకి మందు లేదు. ఇక నా వల్ల కాదని ఆయన్నే ఫోన్లో కలిపాను. ఆయన నమస్కారం పెట్టి, "ఆంటీ, హవాయి మీకంటే పదిహేను గంటల పైన వెనకాల ఉంటుంది. తిథి అన్నది లోకమంతటికీ ఒకేసారి మారుతుంది కదండీ. మీరు ఉగాది పొద్దున తలంట్లు పోసుకునే వేళకి అక్కడ ముందురోజు మధ్యాహ్నం. ఇంకా చీకటి పడనే పడలేదు, అప్పటికే అమావాస్య వెళ్ళిపోయి పాడ్యమి వచ్చేస్తుంది. మేం నడిచేది కొత్త సంవత్సరంలో ఆంటీ" అన్నారు. మా అమ్మ చాలాసేపు లెక్కలు కట్టుకుంది. పక్కింటి పంతులుగారికి కబురు వెళ్ళింది, ఆయన గోడ మీదుగా అవునన్నారట. "అబ్బాయికి తిథివారాలు తెలుసే" అని నాతో విడిగా మురిసిపోయింది. "అయితే మీరు ఆ కొండమీద ఉండగా నాకు ఇక్కడ పచ్చడి తినే వేళవుతుందన్నమాట. అప్పుడే ఫోను చేస్తాను. ఏదో ఒకటి తేల్చి చెప్పాలి."

నేను అప్పటికే తేల్చేసుకున్నాను. కాదనే చెప్తాను. కాకపోతే ఇన్నాళ్ళు మాట్లాడిన మనిషికి ఫోన్లో కాకుండా ఎదురుగా, మర్యాదగా చెప్పాలి. (టికెట్లు కొనేశాం కదా అన్నది కూడా ఒక కారణమే, దాచడమెందుకు. అగ్నిపర్వతం కూడా నిజంగా చూడాలనుంది.) సర్పంచ్ "షాబాష్" అంది. ఇద్దరం నాలుగు పెట్టెలు సర్దుకుని బయలుదేరాం. అందులో బట్టలున్నది ఒక్కదాంట్లో. మిగతావన్నీ ఆయన చెప్పిన సామాన్లే.

మేం ముందురోజే హవాయి చేరాం. వాళ్ళు మర్నాడు మధ్యాహ్నం వచ్చారు. విమానాశ్రయంలో నేను ఆయన్ని మొదటిసారి చూశాను. ఫొటోలో కంటే కొంచెం సన్నం, కొంచెం కంగారు. భుజానికి నాలుగు హెల్మెట్ల సంచి. రెండు నెలలకి పైగా రోజూ మాట్లాడుకున్నవాళ్ళం, ఎదురుపడేసరికి ఇద్దరికీ నోట మాట రాలేదు. చివరికి ఆయన "తిన్నారా?" అన్నారు. నేను తిన్నానండీ అన్నాను. నా వెనక సర్పంచ్ గట్టిగా నిట్టూర్చింది. వాళ్ళ పిన్నిగారు మాత్రం ఎవరినీ పట్టించుకునే స్థితిలో లేరు. మొహం గంటు పెట్టుకుని ఉన్నారు. సంగతేమిటంటే, ఆవిడ కాలిఫోర్నియాలో ఇండియన్ స్టోర్‌లో కొని, తువ్వాల్లో చుట్టి, పెట్టెలో పెట్టి తెచ్చిన కొబ్బరికాయని ఇక్కడి అధికారులు ఉంచేసుకున్నారు. బయటి నుంచి కాయలూ మొక్కలూ దీవిలోకి తేకూడదని రూలు. కమ్మరి వీధిలో సూదులు అమ్మడం అంటారే, హవాయికి కొబ్బరికాయ మోసుకొచ్చిన మొదటి మనిషి పిన్నిగారే అయ్యుంటారు. అద్దాల్లోంచి చూస్తే బయట చెట్ల నిండా గెలలే.

కారు ఆయన నడుపుతున్నారు. పిన్నిగారు ముందు సీట్లో, మేం వెనక. కొండవైపు రోడ్డు నెమ్మదిగా పైకి పోతోంది. (అగ్నిపర్వతం ఎక్కడమంటే కారే ఎక్కేస్తుందని నాకప్పుడే తెలిసింది. గ్యారేజీలో నేను పడ్డ పాట్లు తల్చుకుని కళ్ళు తిరిగాయి.) పిన్నిగారు ఇంకా కొబ్బరికాయ దుఃఖంలోనే ఉన్నారు. నేను ఓదార్పుగా, "పోనీలెండి పిన్నిగారూ, ఇక్కడ ఒకటి కొనుక్కుందాం. అయినా కొండకి కొబ్బరికాయ ఎందుకండీ?" అన్నాను. "అదేంటమ్మా, అంత శక్తి ఉన్న తల్లి, ఈ కొండలో ఉంటుందని ఇక్కడివాళ్ళు కొలిచే నిప్పుదేవత, ఆవిడ ఇంటికి ఒట్టి చేతులతో ఎలా పోతాం? పోయినసారి అలా ఒట్టి చేతులతో వచ్చే కదా, వానా మబ్బూ పట్టి సగమే కనిపించింది. ఈసారీ ఒట్టి చేతులే అయ్యాయి" అన్నారావిడ.

 చుక్క వాన లేకుండా, కారు అద్దం తుడిచే పుల్లలు వాటంతటవే టకటకా ఆడడం మొదలుపెట్టాయి. హెల్మెట్ గారి చెయ్యి ఎక్కడ తగిలిందో ఆయనకే తెలియాలి. "పోయినసారా?" అన్నాను నేను. "అవునమ్మా, పోయిన దీపావళప్పుడు. నన్నూ మీ బాబాయిగారినీ వీడేగా తీసుకొచ్చాడు. రాత్రి చూస్తేనే బాగుంటుంది పిన్నీ అని చీకటి పడ్డాక నడిపించాడు." ఆయన చెవులు వెనక నుంచి నాకు కనిపిస్తున్నాయి. ఎర్రగా అవుతున్నాయి. నేను ఎంతో నెమ్మదిగా, "దారి చాలా కష్టంగా ఉంటుందాండీ?" అన్నాను. "కష్టమా? తారురోడ్డమ్మా. మా వీధి రోడ్డు కంటే నయం. కారు పెట్టిన చోటి నుంచి మైలు దూరం. పసిపిల్లల్ని బండ్లలో తోసుకుంటూ వచ్చేస్తున్నారు. మీ బాబాయిగారు మోకాళ్ళ నొప్పులతో, హవాయి చెప్పులతో నడిచారు" అన్నారు పిన్నిగారు. సర్పంచ్ కిటికీవైపు తిరిగి దగ్గడం మొదలుపెట్టింది. ఊరు చేరేదాకా దగ్గుతూనే ఉంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. రెండు నెలల గ్లవ్సులూ, బూట్లూ, గ్యారేజీలూ, వానకోటు చర్చలూ ఒక్కొక్కటే కళ్ళముందు తిరిగాయి. కానీ మా అమ్మమ్మ ఒక మాట అనేది, కోపం వస్తే వెంటనే అరవకు, అది అన్నం చల్లార్చుకున్నట్టు కాస్త ఆరనిచ్చి తింటే రుచిగా ఉంటుందని. ఆరనిచ్చాను. అద్దెకి తీసుకున్న ఇంట్లో దిగాక, సాయంత్రం బయలుదేరేముందు, ఆయన తల వంచుకుని "ఏవండీ, మీతో ఒక మాట" అని మొదలుపెట్టబోతే, "మాటలు తర్వాతండీ. ముందు ప్లాన్ ప్రకారం తయారవుదాం. ప్రమాదం కదా" అన్నాను. ఆయనకి అర్థమైంది. నోరు మూసుకుని బూట్లు కట్టుకున్నారు. నేను దగ్గరుండి గ్లవ్స్ వేయించాను, మాస్కు పెట్టించాను, తలకి ఒక లైటూ జేబులో ఒక లైటూ చూసుకున్నాను, చలికోటు పైన వానకోటు వేయించాను (ఆ శనివారం సాయంత్రమంతా లాగి ఆయన గెలిచిన వాదన అది), రెండు చేతుల్లో రెండు కర్రలు పెట్టించాను, హెల్మెట్ బెల్టు స్వయంగా బిగించాను. ఆయన్ని ఒక్కరినే వేషం వేయించి పంపిస్తే న్యాయం కాదని నేనూ అన్నీ తగిలించుకున్నాను. పిన్నిగారు కొప్పు చెడుతుందని హెల్మెట్ వద్దన్నారు. పట్టుచీర మీద స్వెటర్ వేసుకుని, దారిలో కొన్న స్థానిక కొబ్బరికాయని సంచిలో పెట్టుకుని, "కాలక్షేపానికి బాగుంది" అని మా వెనక నడిచారు.

నిజంగానే తారురోడ్డు. ఎక్కడా ఎత్తూ పల్లం లేదు. మా పక్కనుంచి అమెరికన్ ముసలమ్మలు స్లిప్పర్లు ఈడ్చుకుంటూ, చేతిలో కాఫీ కప్పులతో వెళ్తున్నారు. ఒక తల్లి పసిబిడ్డని బండిలో తోసుకుంటూ మమ్మల్ని దాటింది. మేమిద్దరం మాత్రం మాస్కుల్లోంచి బుసలు కొడుతూ, కర్రలు రోడ్డు మీద టకటకా పొడుస్తూ, గంభీరంగా నడుస్తున్నాం. జనం మమ్మల్ని చూసి పక్కకి తప్పుకుని దారి ఇవ్వడం మొదలుపెట్టారు. ఒక పెద్దావిడ ఆగి, ఎంతో గౌరవంగా, మీరు శాస్త్రవేత్తలా, ఏదైనా ప్రమాదం ఉందా అని అడిగింది. సర్పంచ్ వెనకనుంచి, అవును, ఇప్పుడే చెప్పలేం, పరీక్ష జరుగుతోంది అని ఇంగ్లీషులో చెప్పింది. నాకు నవ్వు ఆగలేదు. మాస్కులో నవ్వితే కళ్ళద్దాలకి ఆవిరి పట్టి ఏమీ కనిపించలేదు. అక్కడే రోడ్డు పక్కన నిలబడి నవ్వాను. ఆయన కూడా తుమ్ము ఆపుకున్నట్టు నవ్వడం మొదలుపెట్టారు. ఆ నవ్వు నాకు బాగా తెలుసునని, రోజూ దానికోసమే ఏదో ఒక వెటకారం చేసేదాన్నని అప్పుడు గుర్తుకొచ్చింది. కోపం సగం అక్కడే పోయింది.

కొస దాకా వెళ్ళాక కంచె ఉంది. కంచె అవతల అంత పెద్ద గొయ్యి, గొయ్యిలో నిప్పు. నేను ఆ నిప్పు గురించి వర్ణనలు రాయను, అంత పనితనం నాకు లేదు. ఎర్రగా, నెమ్మదిగా కదులుతోంది. చుట్టూ అంతమంది ఉన్నా ఎవరూ మాట్లాడడం లేదు. భయం వేసింది, ఆనందం వేసింది, మా అమ్మ పక్కన ఉంటే బాగుండుననిపించింది. పిన్నిగారు కొబ్బరికాయ బయటకి తీశారు. అక్కడ డ్యూటీలో ఉన్న అమ్మాయి వచ్చి, ఇక్కడ ఏమీ వదలకూడదమ్మా, దేవతకి గౌరవం అంటే ఈ చోటుని ఉన్నట్టు ఉంచడమే అని మర్యాదగా చెప్పింది. పిన్నిగారు కాయని రెండు చేతుల్లో పట్టుకుని ఆ వెలుగుకి చూపించి, కళ్ళకద్దుకుని మళ్ళీ సంచిలో పెట్టుకున్నారు. "చూపిస్తే చాలు, తినేది ఎలాగూ మనమే" అన్నారు.

అప్పుడు మాస్కు తీసి అడిగాను, "ఎందుకండీ అలా చేశారు? చూశానని ఒక్క మాట చెప్తే పోయేది కదా" అని. ఆయన హెల్మెట్ తీయలేదు. తీయడానికి ధైర్యం చాలలేదనుకుంటాను. నిప్పువైపు చూస్తూ చెప్పారు. "నాకు ఇంతకుముందు రెండు సంబంధాలు తప్పిపోయాయండీ. రెండు చోట్లా ఒకటే మాట, అబ్బాయి ఏమీ మాట్లాడడు అని. నిజమే, నాకు మాటలు రావు. మీతో కూడా మూడోరోజుకే అయిపోయాయి. అప్పుడు మీరు దీని గురించి చెప్పారు. నేను చూశానండీ, మైలు దూరం, రోడ్డు బాగుంటుంది అంటే ఆ ఫోను అక్కడితో అయిపోయేది. మర్నాడు మీకు చేయడానికి నాకు వేరే కారణం లేదు." ఆ తర్వాత ఎంతో నీరసంగా, "ఒక మైలు దూరాన్ని రెండు నెలలు లాగడం ఎంత కష్టమో మీకు తెలీదండీ. బూట్లయ్యాక నిద్రపట్టేది కాదు, రేపేం మాట్లాడాలా అని. హెల్మెట్ నాటికి పూర్తిగా ఖాళీ అయిపోయాను" అన్నారు.

 ఇన్నాళ్ళూ ఈయనకి కొండంటే భయమనుకున్నాను. నాతో మాటలు అయిపోతాయేమోనని భయమట. నాకోసం అలా భయపడ్డ మనిషి అంతకుముందు ఎవరూ లేరు.  సరిగ్గా అప్పుడే జేబులో ఫోను మోగింది. మా అమ్మ. పచ్చడి గిన్నె చప్పుడు కూడా వినిపిస్తోంది. "హ్యాపీ ఉగాదే తల్లీ. కొండెక్కారా? క్షేమమేనా?" ఎక్కామమ్మా అన్నాను. "మరి ఏం చెప్పమంటావే వాళ్ళకి?" ఆయన విన్నారు. వినలేదన్నట్టు రెండడుగులు పక్కకి వెళ్ళి కంచె పట్టుకుని నిలబడ్డారు. తలకున్న లైటు మాత్రం నిలకడగా లేదు. గొయ్యి అంచు మీద ఆ వెలుగు చిన్నగా వణుకుతోంది. "సరేనని చెప్పమ్మా" అన్నాను.  అమ్మ గొంతు తగ్గించి, "అబ్బాయి నీతో బాగా మాట్లాడతాడా?" అంది. "మాట్లాడతారమ్మా. చాలా కష్టపడి మాట్లాడతారు" అన్నాను. సర్పంచ్ నన్ను ఎగాదిగా చూసి, "నా తీర్పు నేను వాపస్ తీస్కుంటున్న" అంది. పిన్నిగారు దేవత మహిమ అన్నారు, చూపించినంత మాత్రానికే కరుణించిందని.

ఇప్పుడు శాంటా క్లారాలో ఉంటున్నాం. మా ఆయనకి పెళ్ళయిన ఆరునెలల్లోనే ఉన్న మాటలన్నీ అయిపోయాయి. ఆ కంచె దగ్గర, జీవితాంతం తనతో ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉంటారని నమ్మేసి హెల్మెట్ కింద ముసిముసిగా నవ్వుకున్న ఆ పిల్లని (అంటే నన్నే) తల్చుకుంటే నాకు నవ్వూ వస్తుంది, కొంచెం జాలీ వేస్తుంది. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, మా అమ్మాయి హోంవర్క్ చేసుకుంటుంటే, ఆయన నా ఎదురుగా కూర్చుంటారు. ఒకసారి నావైపు చూస్తారు, ఒకసారి కిటికీవైపు చూస్తారు. ఏదో ఒక విషయం కోసం లోపలంతా వెతుక్కుంటున్నారని నాకు తెలుసు. నేను వెంటనే సాయం చేయను. చేతిలో పని ఆపి, కాసేపు అలా వెతుక్కోనిస్తాను.